మీ సెషన్ ఎవరు వింటారు?

(తిరుపతిలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థుల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇచ్చాం. మళ్ళీ మళ్ళీ వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయం కాబోలు. అడగను.

నాకిచ్చిన అంశం "కౌన్సిలింగ్‌లో పీజీ, ఉద్యోగావకాశాలు". ఉద్యోగాల సంగతి చివర్లో చెబుతాను, అదీ కొంచెమే. ఏ యూనివర్సిటీ, ఫీజు ఎంత, హాస్టల్ దొరుకుతుందా అని మీరంతా ఇప్పటికే లెక్కలు వేసుకుని ఉంటారు. ఆ లెక్కలో ఇంకో ప్రశ్న కలుపుకోండి. చదువుకునే రోజుల్లో నేను చేసే సెషన్, అంటే సాయం కోసం వచ్చిన క్లయింట్‌తో కూర్చుని మాట్లాడేది, ఎవరు వింటారు? విని, ఎక్కడ దారి తప్పానో ఎవరు చెబుతారు? దీనికి తిన్నగా జవాబు చెప్పలేని కోర్సు ఎంత పేరున్నదైనా మీకు సర్టిఫికెట్ ఇస్తుంది గానీ పని నేర్పదు. నేను ఇవాళ చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చేస్తాను. మందులు రాసేది సైకియాట్రిస్ట్. ఎంబీబీఎస్ అయ్యాక మళ్ళీ సైకియాట్రీ చదివిన డాక్టరు. మన రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళితే కనిపించేది వాళ్ళే. క్లినికల్ సైకాలజిస్ట్ వేరు. ఆ పేరు పెట్టుకోవాలంటే 1992 చట్టం కింద ఉన్న రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి. ఇన్నాళ్ళూ దానికి రాజమార్గం రెండేళ్ళ ఎంఫిల్. కొత్త విద్యావిధానంతో ఎంఫిల్ పోయింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 దాకా యూజీసీ గడువిచ్చింది. కాబట్టి సీనియర్ అన్న చెప్పిన దారి మీ దాకా వచ్చేసరికి ఉండకపోవచ్చు. ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి.

ఇక కౌన్సిలర్. సైకాలజీలోనో కౌన్సిలింగ్ సైకాలజీలోనో పీజీ చేసి, మాటల ద్వారా, ఒక పద్ధతి ప్రకారం, మనిషి తన ఇబ్బందిని తాను చూసుకునేలా సాయపడేవాళ్ళు. చాలాకాలం ఈ పేరుకు కాపలా లేదు. వీసా ఇప్పించేవాళ్ళూ కౌన్సిలర్లే, ఇంజనీరింగ్ సీట్లకు జరిగేదీ కౌన్సిలింగే. వారాంతపు వర్క్‌షాప్‌కు పోయొచ్చి గోడకు బోర్డు కొట్టుకున్నవాళ్ళనూ చూశాను. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టులను పాత చట్టం కిందే ఉంచి, మిగతా సైకాలజిస్టులను, కౌన్సిలర్లను, సోషల్ వర్కర్లను అందులో చేర్చారు. రిజిస్టర్లు, కనీస ప్రమాణాలు ఈ చట్టం కింద రావాలి. దీని దెబ్బ మీకు ఇప్పటికే ఒకవైపు తగిలింది. 2025 ఆగస్టులో యూజీసీ, ఈ చట్టం పరిధిలోకొచ్చే సబ్జెక్టుల్ని, సైకాలజీతో సహా, దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చెప్పవద్దని విశ్వవిద్యాలయాలకు చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూ ఎమ్మే కట్టేద్దాం అనుకున్నవాళ్ళకు కష్టమే. ఇంట్లో పిల్లలున్న ఆడవాళ్ళకు మరీ కష్టం, అది నేను కాదనను. కానీ ఈ పని పుస్తకాలు పోస్టులో తెప్పించుకుని నేర్చుకునేది కాదని నా గట్టి నమ్మకం. ఎందుకో చూపిస్తాను.

ఇది ట్రైనింగ్‌లో రాయించే వెర్బేటిమ్. సెషన్ అయిన వెంటనే, జరిగిన మాటల్ని ఉన్నదున్నట్టు, వరస తప్పకుండా రాయాలి. "క్లయింట్ ఆందోళనగా ఉన్నారు, ధైర్యం చెప్పాను" అని రాస్తే నేను ఒప్పుకోను. ఎవరు ఏ మాట అన్నారో అదే మాట కావాలి. ఇప్పుడు చదవబోయేది నలుగురైదుగురి మాటలు కలిపి నేను అల్లింది. ఏ ఒక్కరిదీ కాదు. అసలైనది ఇక్కడ చదివితే నేను మీకు ఈ వృత్తి గురించి చెప్పడానికే పనికిరాను.

పిల్లాడు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్నాడు, హాస్టల్లో. ట్రైనీ పీజీ రెండో ఏడు చదివే అమ్మాయి.

పిల్లాడు: అన్నం ముందర కూర్చుంటే కడుపులో తిప్పతా ఉండాది మేడమ్. వారం నుంచి ఇంతే.

ట్రైనీ: హాస్టల్ భోజనం బాగుండదా?

పిల్లాడు: బాగానే ఉంటాది.

ట్రైనీ: డాక్టర్‌కు చూపించుకున్నావా?

పిల్లాడు: మా నాయన వచ్చి చూపించినాడు. గ్యాస్ అన్నారు.

ట్రైనీ: చూడు నాన్నా, టెన్షన్ పడొద్దు. నీట్ ఒక్కటే జీవితం కాదు. ఎన్నో దారులున్నాయి.

పిల్లాడు: సరే మేడమ్.

ఇంతే. చాలామంది దీన్ని చూసి "బాగానే మాట్లాడింది కదా" అంటారు. మీలో సగం మందికి అలాగే అనిపిస్తుంది, తప్పేం లేదు. ఇప్పుడు సూపర్‌వైజర్, అంటే ట్రైనీ పని చూసి దిద్దే అనుభవమున్న కౌన్సిలర్, ఏం చేస్తారో చూడండి. ఆ కాగితం మీద కుడివైపు ఒక ఖాళీ వరస ఉంటుంది. ప్రతి మాటకు ఎదురుగా, ఆ క్షణంలో నీకేమనిపించిందో రాయమంటారు. ఆ అమ్మాయి "గ్యాస్ అన్నారు" పక్కన ఇలా రాసింది: "తర్వాత ఏం అడగాలో తెలియలేదు. చేతులు చల్లబడ్డాయి." సూపర్‌వైజర్ ఒక్కటే అడిగారు. "నీట్ అనే మాట ముందు ఎవరు తెచ్చారు?"

పిల్లాడు తేలేదు. మొత్తం కాగితంలో ఆ మాట వాడి నోట లేనే లేదు. కోచింగ్ పిల్లాడు కాబట్టి బాధ నీటే అయి ఉంటుందని ఆమె అనుకుంది. తనకు భయమేసినప్పుడు చేతికందిన ఓదార్పు మాట తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు "సరే మేడమ్" అన్నాడు. మన పిల్లలు పెద్దవాళ్ళతో మాట ముగించాలనుకుంటే అనేది అదే. ఆ "సరే" వినగానే మన పని అయిపోయిందనుకుంటే పిల్లాడు మళ్ళీ రాడు.

వాడు మొదటి మాటలోనే ఒక కొస అందించాడు చూడండి. "వారం నుంచి" అన్నాడు. తర్వాతి సెషన్‌లో ఆమె అదే పట్టుకుంది. "వారం నుంచి అన్నావు. అప్పుడేమైనా మారిందా?" అని అడిగి ఊరుకుంది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడలేదు, అది నేర్చుకుని వచ్చింది కాబట్టి. అప్పుడు చెప్పాడు. టెస్టు మార్కుల ప్రకారం సెక్షన్లు మార్చారు, వీడు వెనక సెక్షన్‌లో పడ్డాడు. మెస్‌లో పాత సెక్షన్ వాళ్ళు ఎదురు బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ళ ఎదురుగా ప్లేటు పెట్టుకుంటే ముద్ద దిగదు. అదీ సంగతి. నీట్ మీద ఉపన్యాసం ఇచ్చుంటే మెస్ బెంచీ దాకా ఎప్పటికీ పోయేవాళ్ళం కాదు.

ఆ అమ్మాయికి థియరీ రాక కాదు. మనిషిలో మార్పు రావాలంటే కౌన్సిలింగ్‌లో ఏమేం ఉండాలో అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1957లో చెప్పిన షరతులు అడిగితే ఆరూ వరసగా అప్పజెప్పేది. ఎంపతీ, అంటే ఎదుటివాళ్ళ బాధను వాళ్ళ వైపు నుంచి అర్థం చేసుకోవడం, దాని గురించి ఎస్సే రాయమంటే పదహారు మార్కులకు పద్నాలుగు తెచ్చుకునేది. గదిలో, ఎదురుగా ఒక మనిషి ఉన్నప్పుడు, తన భయం తనను ఎటు లాగుతుందో ఎవరైనా చూసి చెబితే తప్ప తెలియదు. రోజర్స్ ఈ సంగతి చాలా ముందే పట్టుకున్నారు. 1940ల తొలినాళ్ళలో ఒహాయోలో పనిచేస్తున్నప్పుడు, క్లయింట్ల అనుమతితో సెషన్లను గ్రామఫోన్ రికార్డుల మీదికి ఎక్కించి, విద్యార్థులతో కలిసి విన్నారు. అంతకుముందు గదిలో ఏం జరిగిందనేది చాలావరకు చికిత్స చేసినవారు తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిందే. మన జ్ఞాపకం మన పక్షానే మాట్లాడుతుంది కదా. ఆ తర్వాత 1960లలో ఆలెన్ ఐవీ అనే మరో అమెరికన్ సైకాలజిస్ట్ వీడియో పెట్టి, వినడం అనే పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి నేర్పే పద్ధతి తెచ్చారు. చూపు, గొంతు, కూర్చునే తీరు, వాళ్ళ మాటను వదలకుండా వెంట నడవడం. ఇక్కడ ఒక మాట. కళ్ళలోకి చూసి మాట్లాడటం అన్నిచోట్లా ఒకటి కాదని ఐవీ కూడా చెప్పారు. పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చిన కొత్త కోడలు, అత్త వయసున్న కౌన్సిలర్ ముందు తల దించుకుని మాట్లాడితే, "ఐ కాంటాక్ట్ లేదు" అని నోట్సులో రాసేయకండి.

ఈ మాటంటే విద్యార్థులు రోల్ ప్లే గురించి అడుగుతారు. "మేడమ్, ఒకరినొకరు క్లయింట్లుగా నటిస్తే నవ్వొస్తుంది, అది ట్రైనింగా?" అని. గంగమ్మ జాతర ఊళ్ళో పుట్టి వేషం కట్టడానికి సిగ్గేమిటి? బైరాగి వేషం కట్టినవాడు వీధిలో కాసేపైనా తను తను కాకుండా ఉంటాడు. క్లాసులో క్లయింట్ కుర్చీలో కూర్చున్నవాళ్ళకూ అదే జరుగుతుంది. నటిస్తున్నాం అనుకుంటూనే, ఎదురుగా కూర్చున్న స్నేహితురాలు మధ్యలో వాచీ చూసుకుంటే ఎంత గుచ్చుకుంటుందో ఒంటికి తెలుస్తుంది. మొదటి సెమిస్టర్‌కు అది చాలు. కానీ రెండేళ్ళూ రోల్ ప్లేతోనే గడిపేసి, చివర్లో ఏదో ఒక సంస్థకు పంపి, హాజరు కాగితం మీద సంతకం పెట్టించే కోర్సులు ఉన్నాయి. ఆ సంస్థలో మీకు ఫైళ్ళు సర్దే పని ఇస్తారు. అది ఇంటర్న్‌షిప్ అవదు.

బయటి దేశాల్లో ఇది గంటల్లో లెక్కపెడతారు. అమెరికాలో కౌన్సిలింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే కేక్రెప్ నిబంధన ప్రకారం ముందు 100 గంటల ప్రాక్టికమ్, అంటే సూపర్‌వైజర్ కింద తొలి ప్రాక్టికల్ శిక్షణ, అందులో కనీసం 40 నేరుగా క్లయింట్లతో. ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్, అందులో 240 నేరుగా. బ్రిటన్‌లో అక్కడి కౌన్సిలర్ల సంఘం బీఏసీపీ గుర్తింపు (అక్రెడిటేషన్) కావాలంటే సూపర్‌విజన్ కింద 450 గంటల ప్రాక్టీస్ చూపించాలి. అక్కడ పెద్ద కౌన్సిలర్లు కూడా నెలనెలా సూపర్‌విజన్‌కు పోతారు, పదవీ విరమణ దాకా. అదే పద్ధతి మనకూ ఇప్పటికిప్పుడు రావాలని నేను అనను. అక్కడి ఖర్చులు వేరు. అడ్మిషన్‌కు పోయినప్పుడు మాత్రం అడగండి: నేరుగా క్లయింట్లతో ఎన్ని గంటలు? ఒక్క సూపర్‌వైజర్ కింద ఎంతమంది విద్యార్థులు? ఆ సూపర్‌వైజర్ ఇప్పటికీ సొంతంగా క్లయింట్లను చూస్తున్నారా? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు, నాకు తెలుసు. మర్యాదగానే అడగొచ్చు. దానికి కోపం తెచ్చుకునే చోట చేరకపోతే మీకొచ్చే నష్టం లేదు.

మన ఊరికి సొంతమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. అవి ఏ సిలబస్‌లోనూ ఉండవు, సూపర్‌విజన్‌లోనే బయటపడతాయి. ఉదాహరణకు మీ దగ్గరికొచ్చే క్లయింట్ కొండ మీద పనిచేస్తాడనుకోండి. మూడు నాలుగు సెషన్లయ్యాక మీమీద గౌరవం కుదిరింది. ఒకరోజు లేస్తూ అంటాడు, "మేడమ్, మీ ఇంట్లోవాళ్ళకు ఎప్పుడైనా దర్శనం కావాలంటే మొహమాటపడొద్దు, ఒక మాట చెప్పండి చాలు." (నవ్వులు) నవ్వుతున్నారంటే అందరికీ తెలిసిన వ్యవహారమే. తిరుపతిలో ఉన్నవాళ్ళను బంధువులు ఏడాది పొడుగునా అడిగేది ఇదే. హైదరాబాద్ నుంచి మీ పెద్దమ్మ ఫోన్ చేసి ఉంటుంది కూడా. తీసుకున్నారా, ఆ రోజు నుంచి ఆయన మీకు ఉపకారం చేసినవాడు. ఆయన తాగుడు గురించి గట్టిగా అడగాల్సిన రోజు వస్తే మీ నోరు లేవదు. ఆయనకూ తెలుసు అది. అందుకే కొందరు తెలియకుండానే ముందుగా ఉపకారం చేసి పెట్టుకుంటారు.

మరి లడ్డూ? లడ్డూ ప్రసాదం తెచ్చి చేతిలో పెడితే వద్దనగలమా? నేను వద్దనను. చిన్న ముక్క కళ్ళకద్దుకుని తీసుకుంటాను, మిగతాది ఆఫీసులో అందరికీ పంచమంటాను. పాశ్చాత్య నీతినియమావళి అక్షరాలా చదివేవాళ్ళు ఇది తప్పంటారు. ఈ ఊళ్ళో ప్రసాదం తోసేస్తే మనిషిని తోసేసినట్టే. దర్శనం వద్దు, లడ్డూ ముక్క సరే, ఈ తేడాను ఏ నిబంధనలోనూ రాయలేరు. ఒక్కో సందర్భాన్ని సూపర్‌వైజర్ ముందు పెట్టి మాట్లాడుకోవాలి.

గోప్యత కూడా అంతే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ దీన్ని రోగి హక్కుగా చెప్పింది. చెప్పడం సులువు. పెళ్ళిలో పంక్తిలో కూర్చున్నప్పుడు పక్క విస్తరి ఆయన "మా మరదలి కూతురు మీ దగ్గరికి వస్తా ఉందంట కదమ్మా, ఇప్పుడెట్లుంది?" అంటాడు. "బాగుంది" అన్నా తప్పే, వస్తున్నట్టు ఒప్పుకున్నారు కాబట్టి. "ఎవరొస్తారో ఎవరు రారో నేను చెప్పనన్నా, మీరొచ్చినా అంతే" అని నవ్వేసి సాంబారు అడగాలి. అన్నీ దాచకూడదు, అదీ గుర్తుంచుకోండి. ప్రాణానికి ముప్పు ఉంటే దాచకూడదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ఈ హద్దులు క్లయింట్‌కు మొదటి సెషన్‌లోనే చెప్పాలి. సమాచారం బయటికి వచ్చాక చెబితే మోసం చేసినట్టు ఉంటుంది.

ప్రాణానికి ముప్పు అన్నాను. ట్రైనీలు అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఇక్కడే. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నోరు తెరిచి అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని భయం. అలా అవదు. నేరుగా, మామూలు గొంతుతో అడగాలి. డిప్రెషన్ ఎంతుందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న అదే. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి 3 దాకా మార్కులు, తొమ్మిదింటికీ కలిపి గరిష్ఠం 27. ట్రైనీలు ఎనిమిదో ప్రశ్న దాకా మెల్లగా చదివి తొమ్మిదోది గబగబా చదివేస్తారు. రికార్డింగ్ వింటే గొంతు పరుగెత్తడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ పరుగు క్లయింట్‌కూ వినబడుతుంది, "ఈవిడకు అవుననే జవాబు వద్దు" అని అర్థమవుతుంది, "లేదు" అని చెప్పేస్తారు. అవుననే జవాబు వస్తే ఒంటరిగా మోయొద్దు, వెంటనే సూపర్‌వైజర్‌కు, సైకియాట్రిస్ట్‌కు చెప్పాలి. రాత్రిపూట ఎవరూ అందుబాటులో లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా క్లయింట్‌కు చెప్పి పంపాలి. 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416. ఈ నంబర్ మీ ఫోన్లలో ఇప్పుడే పెట్టుకోండి, మీకోసం అయినా సరే.

ఉద్యోగాల దగ్గరికి వస్తాను, టైమవుతోందని సైగ చేస్తున్నారు. విశాఖలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సిలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని కూడా చెప్పింది. మన మెస్ బెంచీ పిల్లాడు గుర్తొచ్చాడు కదా. కాబట్టి పోస్టులు పెరుగుతాయి. ఇవి కాక హింసకు గురైన ఆడవాళ్ళకు సాయపడే సఖి కేంద్రాలు, ఆసుపత్రుల్లో హెచ్ఐవీ పరీక్షా కేంద్రాలు, డీ-అడిక్షన్ సెంటర్లు, బాలల సంరక్షణ విభాగాలు, ఫ్యామిలీ కోర్టులు. ఎక్కువ కాంట్రాక్టు ఉద్యోగాలు, జీతాలు చదువుకు తగ్గట్టు ఉండవు. సొంత ప్రాక్టీస్ నిలదొక్కుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఇంట్లో అప్పు చేసి చదివించేవాళ్ళుంటే ఈ సంగతి ముందే చెప్పండి. ఒక హెచ్చరిక. కొన్ని సంస్థలకు కౌన్సిలర్ పేరుతో మనిషి ఉంటే చాలు, పని జరగనక్కర్లేదు. మిమ్మల్ని అడ్మిషన్ల ఫోన్లు చేయమంటారు, పిల్లలు చెప్పింది ప్రిన్సిపల్‌కు రిపోర్ట్ ఇమ్మంటారు. మీ పని ఏమిటో చేరేముందే కాగితం మీద రాయించుకోండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: మేడమ్, నాది బీకామ్. సైకాలజీ చదవలేదు. నేను చేరొచ్చా?)

యూనివర్సిటీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల డిగ్రీలో సైకాలజీ ఉండాలంటారు, కొన్నిచోట్ల ఏ డిగ్రీ అయినా తీసుకుంటారు. మన ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఉంది కదా, బస్సెక్కి పోయి ఆఫీసులో అడుగు. పీజీసెట్ నోటిఫికేషన్‌లో అర్హతల పట్టిక ఉంటుంది, అదీ చూడు. బీకామ్ వల్ల నీకు నష్టమేం లేదు. మొదటి సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ వస్తుంది, సైకాలజీ చదివిన పిల్లలు దానికే ఎక్కువ భయపడతారు, నీకు అది తేలిక. కాకపోతే రేపు క్లినికల్ వైపు పోవాలనుకుంటే సైకాలజీ డిగ్రీ అడగొచ్చు, అది ఇప్పుడే కనుక్కో. అక్కడికి వెళ్ళినప్పుడు రెండో ఏడు విద్యార్థులు ఎవరైనా కనిపిస్తే పక్కకు పిలిచి, ఇప్పటిదాకా ఎన్ని వెర్బేటిమ్‌లు రాశారక్కా, ఎవరు దిద్దారు అని అడుగు. ప్రాస్పెక్టస్‌లో లేనిది వాళ్ళు చెబుతారు.